సందేహాలు – సమాధానాలు: నియంత్రించడమంటే తగ్గించడమేనా?

సందేహం: ‘సైటోకైన్లు ఇన్‌ఫ్లమేషన్‌నూ రక్తకణాల తయారీనీ నియంత్రిస్తాయి’ అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. నియంత్రించడమంటే తగ్గించడమే కదా! రక్తకణాల తయారీ తగ్గితే ఒంటికి చేటు కాదా? పైగా ఇన్‌ఫ్లమేషన్‌ను అందులో ఒకచోట వాపు, ఇంకోచోట మంట అన్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. ఆ మాట చదివితే ఏ తెలుగువారికైనా అలాగే తోస్తుంది. సంస్కృతంలో ‘నియంత’ అంటే సారథి. అమరకోశం సారథికి చెప్పిన పేర్లలో ఇదీ ఒకటి. సారథి పగ్గం బిగించి గుర్రాన్ని ఆపుతాడు, సడలించి పరుగెత్తిస్తాడు కూడా. మన వాడుకలో ఈ రెండో పని జారిపోయింది. ధరల నియంత్రణ, కాలుష్య నియంత్రణ, కుటుంబ నియంత్రణ... అన్నిటా తగ్గించడమే.

సైటోకైన్లు చేసేది ఆ పాత సారథి పని. ఇవి కణం నుంచి కణానికి కబురు మోసే చిన్న ప్రొటీన్లు. ముల్లు గుచ్చుకున్న వేలిని చూడండి. కాసేపటికి ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సైటోకైన్లు అక్కడి రక్తనాళాలను వెడల్పు చేసి తెల్లకణాలను రప్పించడం వల్ల జరిగేది ఇది. ఇదే ఇన్‌ఫ్లమేషన్. తర్వాత ఇంటర్‌ల్యూకిన్-10 అనే మరో సైటోకైన్ ఆ హడావిడిని చల్లారుస్తుంది. రక్తకణాలు తయారయ్యే ఎముకల్లోని మూలుగలోనూ (మజ్జకు ఎంత చక్కటి తెలుగు మాట!) ఇంతే. జి-సీఎస్ఎఫ్ అనే సైటోకైన్ అందితే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పెరుగుతాయి. ఇన్‌ఫ్లమేషన్ చాలాకాలం సాగితే మాత్రం ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్ తయారు చేయించి, ఎర్రకణాలకు కావలసిన ఇనుమును నిల్వల్లోంచి కదలనివ్వదు. దాంతో ఎర్రకణాలు తగ్గుతాయి.

అందుకని ‘నియంత్రిస్తాయి’ బదులు ‘హెచ్చుతగ్గులను నిర్ణయిస్తాయి’ అంటే అపార్థం ఉండదు. కొందరు ‘క్రమబద్ధీకరిస్తాయి’ అంటారు గానీ, ఆ మాట ఉద్యోగాలకు స్థిరపడిపోయింది.

ఇక మీ రెండో ప్రశ్న. వేలి విషయంలో చెప్పిన నాలుగు లక్షణాల్లో వాపు ఒకటి మాత్రమే. శోథ అన్నా అర్థం వాపే. లాటిన్ మూలంలో నిప్పంటించడమనే భావం ఉంది కాబట్టి మంట అన్నారేమో, కానీ తెలుగులో మంటంటే చురచురలాడే బాధ. నేనైతే ఇన్‌ఫ్లమేషన్ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఆ నాలుగు లక్షణాలూ విప్పి చెబుతాను. దెబ్బ తగిలిన వేలికి వాపు అంటే సరిపోతుంది. రక్తపరీక్షలో తప్ప పైకి కనిపించని ఇన్‌ఫ్లమేషన్‌ను కూడా వాపు అంటే, ఎక్కడ వాచిందా అని రోగి టెన్షన్‌తో ఒళ్లంతా తడుముకుంటాడు.