టాక్సోప్లాస్మా పాజిటివ్ వచ్చిన గొర్రెల్ని అమ్మేయాలా?

ప్రశ్న: ఈ ఈతలో మా మందలో కొన్ని గొర్రెలు ఈసుకుపోయాయి (చూడి నిలవక పడిపోయింది). రెండు ఎండిపోయిన పిల్లల్ని వేశాయి. రక్తపరీక్షలో చాలావాటికి టాక్సోప్లాస్మోసిస్ పాజిటివ్ వచ్చింది. మా ప్రాంతంలో మనుషుల్లోనూ ఇది ఎక్కువేనని సర్వేలో తేలిందట. పాజిటివ్ గొర్రెల్ని అమ్మేయాలా? దొడ్డిలో తిరిగే పిల్లుల్ని తరిమేయాలా? మా కోడలు గర్భవతి, భయంగా ఉంది.

జవాబు: తొందరపడి అమ్మకండి. గొర్రె ఈ జబ్బుతోనే ఈసుకుపోయి ఉంటే, దానికి ఇక చాలావరకు రోగనిరోధక శక్తి ఉంటుంది. వచ్చే ఈతకు మామూలుగానే పిల్లను వేస్తుంది. దాన్ని అమ్మి, ఈ జబ్బు ఎన్నడూ సోకని గొర్రెను తెచ్చి అదే దొడ్డిలో కడితే, అది చూడితో ఉండగా మొదటిసారి జబ్బు తగిలించుకుంటుంది. అసలు నష్టం అక్కడే. మేకలు మాత్రం ఒక్కోసారి రెండో చూడిలోనూ ఈసుకుపోతాయి.

రక్తపరీక్షలో చూసేది యాంటీబాడీలను. టాక్సోప్లాస్మా గోండీ అనే పరాన్నజీవి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లో చేరిందని మాత్రమే అవి చెబుతాయి. మొన్న చేరిందో, మూడేళ్ల కిందట చేరిందో ఆ ఒక్క ఫలితంతో తేలదు. అందుకే వయసు మళ్లిన గొర్రెల్లో పాజిటివ్‌లు ఎక్కువ వస్తాయి. మనుషుల్లోనూ అంతే. ప్రపంచ జనాభాలో సుమారు మూడో వంతుకు ఇది సోకి ఉంటుందని అంచనా. వారిలో ఎక్కువమందికి సోకిన సంగతే తెలియదు. పిల్లి మలంతో బయటికొచ్చే ఈ పరాన్నజీవి గుడ్లలాంటి ఊసిస్టులు మేతతో, నీటితో లోపలికి చేరితే జబ్బు సోకుతుంది. అవి తడి మట్టిలో ఏడాదికి పైగా బతకగలవు. కాబట్టి తేమ, వెచ్చదనం ఉన్నచోట శాతం పెరుగుతుంది, పొడి నేలల్లో తగ్గుతుంది. సర్వే అంకె మీ మట్టి, నీరు ఎలా ఉన్నాయో చెబుతుందే తప్ప, మీ గొర్రెలు ఎందుకు ఈసుకుపోయాయో చెప్పదు.

అది తేల్చాల్సింది మాయ, పడిపోయిన పిల్ల. మాయ మీద బొత్తాల్లాంటి ఎర్రటి గడ్డలుంటాయి. వాటిలో 1–2 మిల్లీమీటర్ల తెల్లటి చుక్కలు కనిపించి, గడ్డల మధ్య పొర మామూలుగా ఉంటే టాక్సోప్లాస్మాను అనుమానించాలి. ఆ పొర కూడా మందంగా మారితే క్లమీడియా అనే బ్యాక్టీరియా కారణం కావచ్చు. ఎండిపోయిన పిల్లలు పడ్డాయంటే చూడి మధ్యకాలంలో సోకి ఉండే అవకాశం ఉంది. తొలినాళ్లలో సోకితే పిండం లోపలే కరిగిపోతుంది, గొర్రె వట్టిపోయిందనుకుంటాం. ఈసారి ఏ గొర్రె ఈసుకుపోయినా మాయను, పిల్లను ఐసులో పెట్టి పశువ్యాధి ప్రయోగశాలకు పంపండి. ఈసుకుపోయిన గొర్రె రక్తంలో యాంటీబాడీలే లేకపోతే కారణం మరొకటని అర్థం.

పిల్లుల్ని తరమడం వల్ల మేలు లేదు. పిల్లి సాధారణంగా చిన్నప్పుడు ఎలుకల్నో పిట్టల్నో తిని మొదటిసారి సోకించుకుంటుంది. అప్పుడు ఒకటి రెండు వారాలపాటు లక్షల కొద్దీ ఊసిస్టులు విసర్జిస్తుంది. ఆ తర్వాత అరుదు. పాత పిల్లిని తరిమితే ఆ చోటికి కొత్త కూనలొస్తాయి. ఉన్నవాటికి సంతాన నిరోధక ఆపరేషన్ చేయించండి. మాయను, పచ్చి మాంసాన్ని వాటికి అందనివ్వకండి, లోతుగా పూడ్చండి. దాణా, ఎండుగడ్డి, తాగునీరు మూసి ఉంచండి, ముఖ్యంగా చూడి గొర్రెలకు పెట్టేవి. అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. మామూలు క్రిమిసంహారకాలకు ఊసిస్టులు చావవు, మరిగే నీటికి చస్తాయి. పరాన్నజీవుల్ని అణిచే మోనెన్సిన్ లాంటి మందులు సొంతంగా దాణాలో కలపకండి. మోతాదు కాస్త పెరిగినా గొర్రెల ప్రాణం తీస్తాయి.

మీ కోడలి విషయంలో ఆలస్యం వద్దు. దొడ్డిలో గొర్రెలు ఈసుకుపోతున్న సంగతి ఆమెను చూసే డాక్టరుకు చెప్పి, ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీ రక్తపరీక్షల గురించి అడగండి. గర్భం రాకముందే సోకి ఉంటే బిడ్డకు ప్రమాదం చాలా అరుదు. గర్భంతో ఉండగా కొత్తగా సోకితేనే ముప్పు, దానికీ చికిత్స ఉంది. ప్రసవం అయ్యేదాకా ఆమె ఈనే గొర్రెల దగ్గరికి, మాయ దగ్గరికి, పిల్లి మలం దగ్గరికి వెళ్లకూడదు. పచ్చి పాలు తాగకూడదు, మాంసం లోపలిదాకా ఉడకాలి, కూరగాయలు బాగా కడగాలి.

టాక్సోప్లాస్మా ఒక గొర్రె నుంచి మరో గొర్రెకు నేరుగా అంటుకునేది కాదు. కానీ గొర్రెలు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా, క్లమీడియా అనే బ్యాక్టీరియాలు అంటుకుంటాయి, మనుషులకూ సోకుతాయి. అందువల్ల ఫలితాలు వచ్చేవరకు ఈసుకుపోయిన గొర్రెల్ని విడిగా కట్టండి. గ్లౌజులు లేకుండా మాయను ఎవరూ ముట్టుకోవద్దు.