తిరుపతిలో స్థలం కొని బెంగళూరులో ఉండేవారికి

తిరుపతిలో నాన్నగారు కొన్న స్థలం ఖాళీగా ఉంది, మేమంతా బెంగళూరులో ఉంటాం, కబ్జా కాకుండా బోర్డు పెడితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదు. ఓనరు ఊళ్లో లేడని అందరికీ చాటింపు వేసేది ఆ బోర్డే. బోర్డు పీకి పక్కన పడేయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

మాకు కరకంబాడి రోడ్డు వైపు ఒక లేఅవుట్‌లో 40 అంకణాల (అంకణం అంటే మా వైపు స్థలాల కొలత) స్థలం ఉంది. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక రెండో శనివారం పొద్దున్నే ఎదురింటి పెద్దావిడ ఫోన్ చేశారు. "నాయనా, మీ స్థలంలో కంప కొట్టిస్తున్నారు, ఇల్లు మొదలుపెడుతున్నారా?" అని. దొరికిన బస్సు పట్టుకుని సాయంత్రానికి వెళ్లేసరికి నాలుగు రాతి స్తంభాలు లేచి, పైన సిమెంటు రేకులు పడి ఉన్నాయి. మూలన ఉన్న వేపచెట్టు మొదట్లో పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టిన రాయి ఒకటి నిలబెట్టారు. ముందు కొట్టిన కొబ్బరికాయ తడి కూడా ఆరలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే పసుపు కింద ఎర్రరంగుతో రాసిన మా ప్లాటు నంబరు కనిపించింది. మా హద్దురాయినే పీకి అమ్మవారిని చేశారు! గుడి అంటే ఎవరూ చెయ్యి వేయరని వాళ్ల ధైర్యం. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని స్థలం కాజేసేవాళ్లంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

రెండో శనివారమే ఎందుకంటే, ఆ శని, ఆదివారాలు రెండు రోజులూ కోర్టు ఉండదు, ఆఫీసులు ఉండవు. స్టేషనుకు వెళితే "ఇది సివిల్ తగాదా, కోర్టుకు వెళ్లండి" అన్నారు. పట్టపగలు హద్దురాయి పీకడం సివిల్ ఎలా అవుతుంది? రెండు రోజుల్లో వేసిన రేకుల షెడ్డును తీయించడానికి ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలా?

మమ్మల్ని కాపాడింది కాలనీవాళ్లే. పెద్దావిడ వెంట పదిమంది వచ్చి "ఈ స్థలం వీళ్ల నాన్నదే, మేం ఎరుగుదుం" అని నిలబడ్డారు. అవతలివాళ్లు చూపించింది నోటరీ చేసిన ఒప్పంద పత్రం. 100 రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నోటరీ ముద్రతో హక్కు రాదు. మా దగ్గర రిజిస్టర్ దస్తావేజు, తాజా ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదులు ఉన్నాయి. సోమవారం కోర్టు తెరిచేలోపే రేకులు దించుకుని వెళ్లిపోయారు.

అలా వెళ్లకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. స్వాధీనంలో ఉన్న స్థలం నుంచి మిమ్మల్ని దౌర్జన్యంగా తప్పిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయవచ్చు. అందులో టైటిల్, అంటే యాజమాన్య హక్కు, ఎవరిదన్న చర్చ ఉండదు, స్వాధీనం ఎవరిదో తేలిస్తే చాలు. ఆ గడువు దాటితే టైటిల్ మీద పెద్ద దావాయే గతి. ఇక ఓనరు హక్కుకు వ్యతిరేకంగా, బాహాటంగా, 12 ఏళ్లు ఎడతెగకుండా అనుభవిస్తే ఆక్రమించినవాడికే హక్కు వస్తుంది. ఆ హక్కు ప్రకటించమని వాడే కోర్టుకు వెళ్లవచ్చని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైసా పైసా కూడబెట్టి కొన్నవాడికి ఇది అన్యాయమనే నేనంటాను.

ప్రహరీ కట్టండి, గేటు పెట్టండి, పన్ను ఏటా మీ పేరునే కట్టండి, అప్పుడప్పుడు ఈసీ తీసి మీకు తెలియని లావాదేవీ ఏదైనా ఎక్కిందేమో చూసుకోండి. ఎవరినైనా కాపలాకు ఉంచితే కాగితం రాయించుకోకుండా ఉంచవద్దు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి ఏటా కొండకు వస్తారు, దర్శనం చేసుకుని అటునుంచి అటే బండెక్కుతారు, కింద ఉన్న సొంత స్థలం మొహం చూడరు. ఈసారి వచ్చినప్పుడు ఒక పూట ఆగండి. ఎదురింటివాళ్ల తలుపు తట్టి, లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టి, మీ ఫోన్ నంబరు ఇచ్చి, వాళ్లది తీసుకుని రండి.