ఇచ్చిన అక్షరాల్లోంచి ఇంగ్లీషు పదాలు వెతికే పద్ధతి

స్కూల్లో ఆరేడు అక్షరాలిచ్చి వాటితో వచ్చే ఇంగ్లీషు పదాలు రాయమంటున్నారని, మీ బాబు పేజీ నిండా అక్షరాలు అటూ ఇటూ మార్చి రాసినా పదం దొరకట్లేదని, దీనికేమైనా పద్ధతి ఉందా అని అడిగారు. ఉందండీ. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరాక స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే ఆట) అలవాటైంది. ఇప్పుడు ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆడుతుంటాను. వాళ్లెక్కడ ఆగిపోతారో దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ మార్చి మార్చి రాయడం మాన్పించండి. ఆరు అక్షరాల్ని 720 రకాలుగా పేర్చొచ్చు. ఏడైతే 5,040. ఏ పిల్లాడూ అన్నీ రాయలేడు.

మన పిల్లలకి అసలు ఇబ్బంది ఏమిటంటే, పదాన్ని చెవితో వెతుకుతారు. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి అది సాగుతుంది. వికటకవిని వెనకనుంచి చదివితే మళ్లీ వికటకవే అవుతుంది, పలుకు పలుకుగా. ఇంగ్లీషులో పలుకు ఒక దారిన, రాత ఒక దారిన పోతాయి. ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్ అనే ఆరు అక్షరాలు ఇచ్చారనుకోండి. వీటితో లిజన్ అనే పదం వస్తుంది. రోజూ క్లాసులో వినే మాటే. కానీ అందులో టి పలకదు. టిని నోట్లో పలుక్కుంటూ కూర్చున్నవాడికి అది ఎప్పటికీ తట్టదు. అలాగే హెచ్, ఇ, ఎ, ఆర్, టి అనే అయిదింటితో హార్ట్, ఎర్త్, హేటర్ మూడూ వస్తాయి. చెవికి ఆ మూడింటికీ చుట్టరికమే కనిపించదు.

అందుకే అక్షరాల్ని వరసగా కాకుండా గుండ్రంగా రాయమంటాను. వరసగా రాస్తే నోరు దాన్ని ఒక మాటలా చదివేస్తుంది, ఇక ఆ పలుకు బుర్రలోంచి పోదు. గుండ్రంగా రాస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కన్ను ఒక్కో అక్షరాన్నీ విడిగా చూస్తుంది. అచ్చులు లోపల, హల్లులు బయట రాస్తే ఇంకా మంచిది.

తర్వాత పదం చివర వెతకాలి. ఇంగ్లీషు పదాలకి తరచుగా వచ్చే చివరలు కొన్నే: ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, ఇ-ఎన్, ఇ-ఎన్-టి, ఐ-ఓ-ఎన్ లాంటివి. పైన చెప్పిన ఆరింటినే చూడండి. ఇ-ఎన్ చివర పెడితే ఎల్, ఐ, ఎస్, టి మిగిలాయి, అవే వరసలో లిజన్. ఇ-ఎన్-టి చివర పెడితే ఎస్, ఐ, ఎల్ మిగిలాయి, సైలెంట్. అదే ఇ-ఎన్ తీసి ముందు పెడితే ఎన్‌లిస్ట్. ఆరింట్లో రెండు మూడు స్థిరపడ్డాక మిగిలినవాటికి లెక్క చాలా తగ్గిపోతుంది. ఎస్-టి, సి-హెచ్, టి-హెచ్, సి-కె లాంటి జంటలనూ ఇలాగే ముందే కలిపి పెట్టుకోవాలి. క్యూ కనిపిస్తే పక్కన యు ఉందేమో చూడాలి. స్క్రాబుల్‌లో యు లేకుండా క్యూ, ఐ రెండే వేసినా చీ (ప్రాణశక్తి అనే అర్థంలో చైనా నుంచి వచ్చిన మాట) అనే పదం చెల్లుతుంది. అదీ చెవికి దొరకనిదే.

న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకి ఫ్రెంచ్ మాట్లాడడం రాదు. పదాల జాబితా చదివి, అక్షరాలుగా గుర్తుపెట్టుకుని ఆడాడు. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని మన పిల్లలకి ఇంతకంటే ధైర్యమిచ్చే సంగతి నాకు తెలియదు.

కంప్యూటర్‌ సాయం కావాలంటే, ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఇచ్చిన అక్షరాలన్నీ సరిగ్గా వాడే పదమైతే అనాగ్రామ్ సాల్వర్ అని వెతకండి. అది చేసే పని తేలికే: ప్రతి పదంలోని అక్షరాల్నీ అకారాది క్రమంలో పేర్చి చూస్తుంది. లిజన్, సైలెంట్ రెండూ పేర్చాక ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక్కచోట దొరుకుతాయి. పేర్చిన ఆ వరసని స్క్రాబుల్ ఆటగాళ్లు ఆల్ఫాగ్రామ్ అంటారు. పదంలో కొన్ని స్థానాల్లో అక్షరాలు తెలిసి మిగతావి తెలియకపోతే, క్రాస్‌వర్డ్‌లో లాగా, వన్‌లుక్ డిక్షనరీ అనే వెబ్‌సైట్ వాడండి. అందులో ప్రశ్న గుర్తు ఒక తెలియని అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా సరిపోతుంది. ఈ అక్షరాలు పదంలో ఎక్కడున్నా సరే అంటే, పదాల జాబితాని ఎక్సెల్‌లో పెట్టి ఒక్కో అక్షరానికీ ఒక్కో ఫిల్టర్ వేసుకుంటూ పోవచ్చు. లైనక్స్ తెలిసినవాళ్లు గ్రెప్ అనే వెతికే కమాండ్‌ని ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఇదే చేస్తారు.

బాబు చేతికి మాత్రం సాల్వర్ వెంటనే ఇవ్వకండి. కాసేపు వెతికాక, తనకి దొరకనివి చూసుకోడానికి ఇవ్వండి. మొదట ఆర్, ఇ, టి, ఎ, ఐ, ఎన్ ఇచ్చి చూడండి, రిటైన్, రెటీనా రెండూ ఉన్నాయి. అవి పట్టాక ఒక ఎస్ కలిపి ఇవ్వండి. రెండింటికీ బహువచనంలా చివర ఎస్ తగిలించి ఆగిపోతాడు. అప్పుడు ఐ-ఇ-ఆర్ చివర పెట్టి చూడమనండి, నాస్టియర్ దొరుకుతుంది.