కప్లింగ్ విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైడ్రాలిక్, ఎయిర్ లైన్ల పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం రా. క్విక్ కప్లింగ్, అంటే హోస్‌ను చేత్తోనే కలిపి విప్పే జాయింటు, తగిలించడం ఎవరికైనా చిటికెలో వచ్చేస్తుంది. సాకెట్ మీద జారే తొడుగును, అదే స్లీవ్‌ను, వెనక్కి లాగి అందులోకి ప్లగ్ తోస్తే టక్కుమని పట్టుకుంటుంది. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువగా విప్పడం గురించే రాస్తున్నాను.

విప్పే ముందు లైన్లో ప్రెషర్ సున్నాకి రావాలి. పంపు ఆపినంత మాత్రాన రాదు. ఎత్తిన బరువు ఏదైనా ఉంటే కిందికి దించు, పంపు ఆపాక కంట్రోల్ లివర్ అటూ ఇటూ ఆడించు, గేజ్ చూడు. రెండు వైపులా వాల్వులున్న కప్లింగ్ అయితే విప్పగానే రెండూ మూసుకుంటాయి, హోస్‌లో ఉన్న ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. ఆ హోస్ ఎండలో పడి ఉంటే ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది. పోవడానికి దారి లేదు కాబట్టి ప్రెషర్ పెరిగిపోతుంది. మర్నాడు ఎంత తోసినా ప్లగ్ లోపలికి వెళ్ళదు. అప్పుడు కొందరు వాల్వు మొన మీద సుత్తితో ఒక్కటి వేస్తారు. నువ్వు మాత్రం ఆ పని ఎప్పుడూ చెయ్యకు. ఆయిల్ మొహం మీదికి చిమ్ముతుంది, మొన వంగితే ఆ వాల్వు ఇక సరిగ్గా కూర్చోదు. హోస్‌ను నీడకు చేర్చి చల్లారనివ్వు, బ్లీడ్ వాల్వ్ ఉంటే దాని ద్వారా ప్రెషర్ వదులు. ఈ ఇబ్బంది తరచూ వస్తుంటే, ప్రెషర్ మిగిలి ఉన్నా కలిసే రకం కప్లింగులు ఉన్నాయి, అవి తెప్పించమని అడుగు.

లీకును చేత్తో తడిమి వెతకకు. అట్టముక్క అడ్డం పెట్టి చూడు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళి, ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళున్నారు రా, దీన్ని తేలిగ్గా తీసుకోకు.

ఎయిర్ లైన్లో వాల్వు ఉన్న సాకెట్ ఎప్పుడూ సప్లయ్ వైపు, ప్లగ్ టూల్ వైపు ఉండాలి. తిరగేస్తే విప్పినప్పుడు గాలి ఆగదు, హోస్ కొరడాలా లేస్తుంది. విప్పేటప్పుడు హోస్‌ను గట్టిగా పట్టుకో. అదిరే టూల్‌కి కప్లింగ్ నేరుగా బిగించకుండా మధ్యలో పొట్టి హోస్ వెయ్యి.

కప్లింగ్ ముందు బాల్ వాల్వ్ ఉంటే మంచిదే. పిడి లైను వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఫ్లో తగ్గించడానికి దాన్ని సగం తెరిచి వదిలెయ్యకు, సీటు అరిగిపోతుంది. ఆ పనికి నీడిల్ వాల్వ్ ఉంది.

మరల (థ్రెడ్ల) దగ్గర కళ్ళు పెట్టుకుని చూడు. పైపు మరల్లో బీఎస్‌పీ బ్రిటిష్ కొలత, ఎన్‌పీటీ అమెరికన్ కొలత. అర అంగుళం బీఎస్‌పీకి, ఎన్‌పీటీకి రెండింటికీ అంగుళానికి 14 మరలే. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60. ఒకదాంట్లో ఒకటి కొన్ని చుట్లు ఎక్కి, బిగుసుకున్నట్టే ఉంటుంది, ప్రెషర్ ఇవ్వగానే కారుతుంది. టెఫ్లాన్ టేప్ ఎంత చుట్టినా అది సరికాదు. టేప్ వాడాల్సిన చోట కూడా మొదటి మర ఖాళీగా వదులు, లేకపోతే దాని పీలికలు పోయి వాల్వులో ఇరుక్కుంటాయి.

సీల్ మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూడకు. మినరల్ ఆయిల్‌కి నైట్రైల్ రబ్బరు సరిపోతుంది. అందులో ఈపీడీఎం అనే ఇంకో రకం రబ్బరు వేస్తే ఉబ్బిపోతుంది. అదే ఈపీడీఎం వేడినీళ్ళకి చక్కగా పనిచేస్తుంది.

తగిలించే ముందు కప్లింగ్ రెండు మొహాలూ శుభ్రమైన గుడ్డతో తుడువు. లైను పనిలో ఉన్నంతసేపు డస్ట్ క్యాపులు రెండూ ఒకదానికొకటి తగిలించి ఉంచితే వాటి లోపలికీ దుమ్ము చేరదు.

మీ దగ్గర ఏ ఆయిల్ వాడుతున్నారో, ఎంత వేడెక్కుతుందో రాయి. ఏ సీల్ వెయ్యాలో చెబుతాను.

మామయ్య