ఊరి వైఫైకి ప్రభుత్వ డబ్బు దొరుకుతుందా?

ప్రశ్న: మాది రిజిస్టరైన యువజన సంఘం. ఊరి లైబ్రరీలో, బస్టాండు దగ్గర అందరికీ వైఫై పెట్టాలని ఉంది. పల్లెల ఇంటర్నెట్‌కి కేంద్రం దగ్గర పెద్ద నిధి ఉందంటున్నారు. మేం నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా?
– సంఘం కార్యదర్శి, ప్రకాశం జిల్లా

జవాబు: నిధి ఉన్నమాట నిజమే. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం అందులోకి వెళ్తుంది. 2002లో మొదలైన యూఎస్ఓ (సార్వత్రిక సేవా బాధ్యత) ఫండే 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. పంచాయతీలకు కేబుల్ వేసే భారత్‌నెట్‌కి డబ్బు అక్కడిదే. అయితే అది పథకాల వారీగా, టెండర్లలోనో దరఖాస్తుల పిలుపులోనో ఎంపికైన సంస్థలకు పోతుంది. ఊరి సంఘం అర్జీ పెడితే వచ్చే గ్రాంటు కాదు.

మీకు అందే దారులు వేరే. మొదటిది పంచాయతీ. గ్రామసభలో తీర్మానం చేయించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పని చేర్పించండి. ప్రణాళిక అప్‌లోడ్ అయిపోయాక వెళ్తే 'వచ్చే ఏడు చూద్దాం' అంటారు. రెండోది కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే డబ్బు. దానికి సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం కావాలి. సంఘం కొత్తదైతే, ఇవన్నీ ఉన్న పాత సంస్థతో కలిసి వెళ్లడమే మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ కాదు. గ్రాంటు వైఫై పెట్టెలు కొనిపెడుతుంది, నెల బిల్లు మాత్రం కట్టదు. ఎంపీ నిధులు కూడా శాశ్వత ఆస్తులకే. అర్జీతో పాటే నెల బిల్లు, కరెంటు, మరమ్మతు, చూసుకునే మనిషికి ఇచ్చేది కలిపి మూడేళ్ల లెక్క రాసి, ఆ డబ్బు ఎవరు కడతారో తేల్చుకోండి. తేలకపోతే పెట్టెలు కొనొద్దు.

చట్టం మాట: ఇంటి కనెక్షన్ తీసుకుని ఊరికి పంచడం కుదరదు. 2020 డిసెంబరులో కేబినెట్ ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి కింద పీడీఓగా (పబ్లిక్ డేటా ఆఫీసు, అంటే వైఫై పంచే చోటు) చేరండి. పీడీఓకి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఫీజు ఏవీ లేవు. ఓటీపీ, వాడకందారుల వివరాల బాధ్యత పీడీఓలను కలిపి నడిపే పీడీఓఏ సంస్థ, యాప్ సంస్థ చూసుకుంటాయి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన హద్దు ప్రకారం, 200 ఎంబీపీఎస్ లోపు ఫైబర్ ప్లాన్లకు పీడీఓ దగ్గర ఇంటి ధరకు రెట్టింపు మించి తీసుకోకూడదు. ఎక్కువ అడిగితే ఈ మాట గుర్తుచేయండి.

ప్రశ్న: మా పంచాయతీలో పరికరాలు వచ్చాయి కానీ వైఫై సగం రోజులు ఉండదు. కారణం ఏమై ఉంటుంది?
– వార్డు సభ్యురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఫైబర్ కేబుల్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె మీద లైట్లు చూడండి. లైట్లే లేకపోతే కరెంటు సమస్య. ఓఎన్‌టీ, పీఓఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపేది), బయట వైఫై వెదజల్లే యాక్సెస్ పాయింట్ కలిపి సుమారు 30 వాట్లు. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టులు 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ గంట, గంటన్నరకు మించి మోయదు. నాలుగు గంటలు నిలవాలంటే 12 వోల్టులు 20 ఏహెచ్ పైన పెట్టండి.

ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయింది) లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ తెగిందనో, గట్టిగా మడత పడిందనో అర్థం. స్తంభాల మీద వెళ్లే కేబుల్‌కి కొమ్మలు నరికినప్పుడూ స్తంభం మార్చినప్పుడూ ఇది మామూలే. లైట్లన్నీ బాగుండి నెట్ ఆగి ఆగి వస్తుంటే, ఫైబర్ లైన్‌మ్యాన్ చేత ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో వచ్చే కాంతి బలం) కొలిపించండి. మైనస్ 27 డీబీఎం కన్నా బలహీనంగా (మైనస్ 28, 29 అలా) ఉంటే ఫైబర్ చివరి ఆకుపచ్చ కనెక్టర్ మురికి పట్టి ఉండవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. వేలితో, చొక్కా అంచుతో తుడిస్తే మాత్రం ఇంకా పాడవుతుంది.

ప్రశ్న: రెండు కిలోమీటర్ల దూరంలోని తండాకు కేబుల్ లేకుండా నెట్ ఇవ్వగలమా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఇవ్వొచ్చు. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగం 2018 నుంచి లైసెన్సు అక్కర్లేనిది. రెండు చివరలా డిష్ రేడియోలు, మధ్యలో అడ్డు లేని చూపు ఉండాలి. కళ్లకు అవతలి గడప కనిపిస్తే చాలదు, నడిమధ్యన ఆ గీతకు చుట్టూరా కనీసం మూడు మీటర్ల ఖాళీ కావాలి. ఎండాకాలంలో పరీక్షించి బిగిస్తే, వానలకు చెట్లు చిగురించాక సిగ్నల్ పోతుంది. రేడియో బిగించే స్తంభానికి ఎర్తింగు, కేబుల్‌కి సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా వచ్చే అధిక వోల్టేజీని ఆపేది) తప్పనిసరి. రేడియో నుంచి స్విచ్ దాకా ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.