వేళ్లు ముడుచుకుపోయి సంతకం మారింది... చెక్కు కేసు పెడతారా?

ప్రశ్న: మాది రాయగడ. చాలా ఏళ్లుగా బట్టల కొట్టు నడుపుతున్నాను. షుగరు ఉంది. కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు కొన్నేళ్లుగా అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. డాక్టరు డుపుయిట్రెన్స్ కాంట్రాక్చర్ అన్నారు. నొప్పి లేదు కానీ పెన్ను పట్టు కుదరక సంతకం మారిపోయింది. విజయనగరం హోల్‌సేల్ వ్యాపారికి ఇచ్చిన రూ.86,000 చెక్కు ‘సంతకం తేడా’ అని వాపసు వెళ్లింది. ఖాతాలో డబ్బుంది. వారం కిందట వాళ్ల లాయరు నోటీసు వచ్చింది. ఇకమీద నా సంతకం తనే పెట్టేస్తానంటున్నాడు మా అబ్బాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు నోటీసు సంగతి చూడండి. అది మీకు అందిన రోజు నుంచి 15 రోజుల్లో చెక్కు మొత్తం చెల్లిస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ (చెక్కు బౌన్స్) కింద నేరం పూర్తికాదు. వారం అయిందన్నారు కాబట్టి మిగిలింది మరో వారమే. సగం ఇప్పుడు, సగం పండగకి అంటే కుదరదు. మొత్తం డబ్బు వాళ్ల ఖాతాకే నెఫ్ట్ చేయండి, వివరాల్లో చెక్కు నంబరు రాయించండి. ఏం జరిగిందో రెండు ముక్కల్లో రాసి, డాక్టరు కాగితం నకలు, చెక్కు వాపసైన రోజున ఖాతాలో ఎంత ఉందో చూపే స్టేట్‌మెంటు జత చేసి, వాళ్ల లాయరుకి స్పీడ్ పోస్టులో పంపండి. పాత చెక్కు తిరిగి ఇమ్మని అందులోనే అడగండి.

డబ్బుంది కదా, కేసెలా అవుతుందన్న ధీమా చాలామందికి ఉంటుంది. సంతకం కలవక చెక్కు తిరిగొచ్చినా 138 వర్తించవచ్చని 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎగ్గొట్టడానికి కావాలని సంతకం మార్చేవాళ్లూ ఉంటారు మరి. అయితే న్యాయమైన కారణంతో సంతకం మారిన సందర్భాలను కోర్టు వేరుగానే చూసింది. నోటీసు వచ్చాక కూడా చెల్లించకపోతేనే అవి నేరం వరకూ వెళతాయంది. అంటే మీ వేళ్ల పరిస్థితి మీకు మంచి సమాధానమే, కానీ అది డబ్బు కట్టాక చెప్పాల్సిన సమాధానం. కట్టకుండా మెడికల్ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే, దాన్ని చూపించడానికి విజయనగరం కోర్టుకి తిరగాల్సి వస్తుంది. ఎందుకంటే 2015 సవరణ తర్వాత, చెక్కు పుచ్చుకున్నవాళ్లు దాన్ని తమ ఖాతాలో జమకు వేస్తే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు నడుస్తుంది. మీరు రాయగడలో ఉన్నారు కదా అని కేసు ఒడిశాకి రాదు.

ఇక అబ్బాయి మాట. మీ సంతకాన్ని అతను అచ్చు దించకూడదు. మీరు ఒప్పుకున్నా అది మీ సంతకం అయిపోదు. పైగా రేపు ఇంట్లో ఆస్తి తగాదా వస్తే ఫోర్జరీ అన్న మాట ముందు ఇంట్లోంచే వస్తుంది. అతను సంతకం పెట్టవచ్చు, కానీ తన సంతకమే. బ్యాంకులో మ్యాండేట్ (మీ ఖాతా నడిపేందుకు అతనికి ఇచ్చే రాతపూర్వక అనుమతి) గానీ, పవర్ ఆఫ్ అటార్నీ గానీ ఇస్తే మీ ఖాతాపై చెక్కులు అతను రాయవచ్చు. అయినా ఖాతా మీదే కాబట్టి ఆ చెక్కు తిరిగొస్తే నోటీసు మీ పేరునే వస్తుంది.

కొట్టు వాళ్లలో ఇంకో అలవాటు ఉంది. మీరు రాయకపోయినా అడుగుతున్నాను: చెయ్యి బాగా ఆడిన రోజు నాలుగు ఖాళీ చెక్కులపై సంతకాలు పెట్టి గల్లాపెట్టెలో దాచలేదు కదా? లేదా హోల్‌సేలర్ దగ్గర గ్యారంటీకి ఉంచలేదు కదా? ఖాళీ చెక్కు ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చినా, అది అప్పు తీర్చడానికే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించే బరువు మీ నెత్తినే పడుతుంది. దాచినవి ఉంటే చించేయండి, బయట ఉన్నవి రాతపూర్వకంగా వెనక్కి అడగండి.

బ్యాంకుకి మీరే వెళ్లి, ఇప్పుడు మీ చేతికి వచ్చే సంతకాన్ని కొత్త నమూనాగా ఇవ్వండి. పొడుగు సంతకం వద్దు, రెండు అక్షరాలు చాలు. తెలుగులో పెట్టినా తప్పులేదు. ఫారంతో గుర్తింపు కార్డు, డాక్టరు కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. అది నమోదైందని బ్యాంకు చెప్పేదాకా ఒక్క చెక్కు కూడా రాయకండి. ఈలోగా యూపీఐ, ఆన్‌లైన్ నెఫ్ట్ ఉన్నాయి, వాటికి సంతకంతో పనిలేదు.

సంతకం అసలే రాని స్థితి వచ్చినా ఖాతా ఆగిపోదు. జబ్బుతో సంతకం పెట్టలేనివాళ్లు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు సూచనలున్నాయి. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. వేలిముద్ర కూడా పడకపోతే అదే పద్ధతిలో ఏదో ఒక గుర్తు పెట్టినా చెల్లుతుంది. కౌంటర్లో తెలియదంటే మేనేజరు దగ్గరికి వెళ్లండి. వీటిలో దేనికీ వికలాంగ సర్టిఫికెట్ అవసరం లేదు, దాని కోసం ఇప్పుడు పరుగెత్తకండి.

ఆపరేషన్ చేయించుకుంటే చేతి కదలిక మళ్లీ మారుతుంది. ఈ జబ్బులో కొందరికి వేళ్లు తిరిగి ముడుచుకుంటాయి కూడా. అలా మారిన ప్రతిసారీ, కొత్త చెక్కు రాసే ముందే, బ్యాంకులో నమూనా మార్పించుకోండి.