మద్యం, మత్తు మాన్పించే కౌన్సెలర్ కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీఏ సోషియాలజీ చదివాను. తాగుడు, గంజాయి మాన్పించే కౌన్సెలర్‌గా పనిచేయాలని ఉంది. మూడు నెలల్లో ‘సర్టిఫైడ్ అడిక్షన్ కౌన్సెలర్’ డిప్లొమా ఇస్తామని ఆన్‌లైన్‌లో ప్రకటన చూశాను. ఫీజు కట్టమంటారా?
– ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఇప్పుడప్పుడే కట్టకండి. డాక్టరుకు, వకీలుకు ఉన్నట్టు అడిక్షన్ కౌన్సెలర్‌కంటూ మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. అమెరికాలో రాష్ట్రాల బోర్డులు ఇన్ని గంటల చదువు, సీనియర్ల పర్యవేక్షణలో ఇన్ని గంటల పని, ఆపైన పరీక్ష అని లెక్కగట్టి సర్టిఫికెట్ ఇస్తాయి. ఇక్కడ అలాంటి బోర్డు లేదు కాబట్టి ఎవరైనా ఒకటి అచ్చు వేసి చేతిలో పెట్టగలరు. ప్రకటన ఇచ్చినవాళ్లను రెండు మాటలు అడగండి. ప్రాక్టికల్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు? నేను చూసే కేసులను దగ్గరుండి దిద్దేది ఎవరు? నీళ్లు నమిలారంటే మీ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.

ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది ఐఆర్‌సీఏల్లో. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ కేంద్రాలివి. వాళ్లు చూసేది సోషల్ సైన్సెస్‌లో డిగ్రీ, ఈ రంగంలో కాస్త అనుభవం, ఇంగ్లిషుతో పాటు స్థానిక భాష. అంటే మీ బీఏతో గుమ్మం దాటొచ్చు. అక్కడే ఆగిపోకూడదంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ)లో మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ గానీ, ఎంఏ సైకాలజీ గానీ చేయండి. ఫీల్డ్‌వర్క్ డీ-అడిక్షన్ వార్డులోనే పడేలా మొదటి సెమిస్టర్ నుంచే అడగండి. అడగనివాళ్లను ఏదో ఒక ఎన్జీవో ఆఫీసులో ఫైళ్లు సర్దడానికి పంపేస్తారు.

చదువు మీద శిక్షణ కావాలి. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్, ఘాజియాబాద్‌లో ఎయిమ్స్ నడిపే డ్రగ్ డిపెండెన్స్ ట్రీట్‌మెంట్ సెంటర్, బెంగళూరు నిమ్‌హాన్స్, 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి సంస్థ, 1986 నుంచి పుణెలో ఉన్న ముక్తాంగణ్ డీ-అడిక్షన్ కేంద్రం – వీటి కాగితానికి విలువ ఉంది. పలాసలో రైలెక్కితే చెన్నై మీకు నేరుగా దారి.

ఆ తర్వాత ఓపిక ఉంటే కొలంబో ప్లాన్ (ఆసియా–పసిఫిక్ దేశాల సహకార సంస్థ) వాళ్ల ‘యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులమ్’ చదవండి. బేసిక్ స్థాయిలో ఎనిమిది భాగాలు: మత్తు పదార్థాలు శరీరం మీద ఎలా పనిచేస్తాయి, చికిత్స దశలు, వెంట వచ్చే మానసిక, శారీరక జబ్బులు, కౌన్సెలింగ్ నైపుణ్యాలు, కేసు అంచనా–రికార్డులు, కేస్ మేనేజ్‌మెంట్, అత్యవసర పరిస్థితులు, వృత్తి నీతి. దీని మీద ఐక్యాప్ అనే పరీక్ష మూడు స్థాయిల్లో ఉంది. ఉద్యోగానికి అది తప్పనిసరి కాదు. కానీ ‘సర్టిఫైడ్’ అని రాసుకోవాలంటే అలాంటిదానితోనే రాసుకోండి.

మరో జాగ్రత్త. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు కూడా వచ్చారు. రేపు రిజిస్ట్రేషన్‌కు ఫీల్డ్‌వర్క్ గంటల రుజువులు అడగొచ్చు. తేదీలతో, సూపర్‌వైజర్ సంతకంతో ఇప్పటినుంచే దాచుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అన్న పేరు మాత్రం ఎప్పుడూ వాడకండి. అది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్లది.

ప్రశ్న: ఈ మధ్యే ఒక కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. పేషెంటుతో మొదటి రోజు ఏం మాట్లాడాలో తోచడం లేదు. ‘రోజుకు ఎంత తాగుతావు’ అంటే ‘కొంచెమే’ అంటారు. నేనేమో మానమని నచ్చజెబుతూ కూర్చుంటున్నాను.
– ఓ పాఠకుడు, బరంపురం

జవాబు: నచ్చజెప్పడం ఆపండి. ఆ మాటలు భార్య చెప్పింది, తల్లి చెప్పింది, మేస్త్రీ చెప్పాడు. మొదటి రోజు మీ పని వేరు: ఇతన్ని మన దగ్గర ఉంచొచ్చా, వెంటనే ఆసుపత్రికి పంపాలా తేల్చడం.

‘ఎంత’ అని కాకుండా ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు’ అనండి. మొదటి చుక్క ఎన్నింటికి, ఏ సీసా, ఎవరితో, ఎంత మిగిలింది. ఆ లెక్కను యూనిట్లలోకి మార్చండి. ఒక యూనిట్ అంటే పది గ్రాముల ఆల్కహాల్, సుమారు 30 మి.లీ. విస్కీ. క్వార్టర్ తాగినవాడు ఆరు యూనిట్లు తాగినట్టు. ఎనిమిది శాతం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు నాలుగు యూనిట్లు. ‘బీరే కదా’ అనే మాటకు ఇదే జవాబు. ఇప్పసారాకు మాత్రం లెక్క కుదరదు, ఒక్కో బట్టీది ఒక్కో ఘాటు. గ్లాసులు, రోజుకు ఎన్నిసార్లు, పొద్దున లేవగానే కావాలా అన్నవి రాసుకోండి.

తర్వాత ఆడిట్ (AUDIT) అనే, తాగుడు తీవ్రతను కొలిచే ప్రశ్నావళి. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. ఎనిమిది, ఆపైన వస్తే ప్రమాదకరమైన తాగుడు, ఇరవై, ఆపైన వస్తే మద్యానికి బానిసయ్యే ఉంటాడని పూర్తి పరీక్షకు పంపాలి. ప్రశ్నలను పరీక్ష పేపరులా చదివితే అబద్ధాలే వస్తాయి. మాటల మధ్య అడిగి, తర్వాత టిక్కు పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. చివరి గుక్క ఎన్ని గంటల క్రితం అన్నది కేస్‌షీట్‌లో మొదటి వరుసలో ఉండాలి. రోజూ తాగేవాడు ఆపాక ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, నిద్ర రాదు. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా 48 గంటల లోపు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి పిచ్చిచూపులు, లేని మనుషులు కనిపించడం, గోడ మీద పురుగులు ఏరడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేది ఈ రోజుల్లోనే. ఇది డెలీరియం ట్రెమెన్స్, ప్రాణం పోయే స్థితి. కౌన్సెలింగ్‌తో తగ్గదు. పంపాల్సింది మెడికల్ కాలేజీకి.

ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ గానీ మతిభ్రమణం గానీ వచ్చినవాళ్లు, కామెర్లున్నవాళ్లు, రక్తం కక్కినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, గర్భిణులు – వీళ్లెవరినీ డాక్టరు చూడకుండా మీ గదిలో కూర్చోబెట్టుకోకండి. ఇంకోటి: నీరసంగా ఉన్నాడని ముందే గ్లూకోజు ఎక్కించేస్తుంటారు. తాగుబోతు ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మందు ఇచ్చేది మీరు కాదు. ‘థయమిన్ ఇచ్చారా సిస్టర్’ అని అడగొచ్చు, అడగాలి.

నాలుగైదు రోజులకు వణుకు తగ్గి మనిషి తేరుకున్నాక మీ అసలు పని మొదలవుతుంది. ‘మానితే నీకేం లాభం’ అని అతని చేతే చెప్పించండి. అతను చెప్పిందే తిరిగి అతనికి వినిపించండి. జీతం రోజు, సంత రోజు, పెళ్లి ఊరేగింపు – ఏ రోజు చెయ్యి మళ్లీ గ్లాసు మీదకు పోతుందో పేరుపేరునా రాయించండి. సంతకు ఎవరితో వెళ్లాలి, డబ్బు ఎవరి దగ్గర ఉండాలి అన్నంత వివరంగా ఉంటేనే అది ప్లాన్. ‘ఇకపై తాగను’ అన్న ప్రమాణం ప్లాన్ కాదు. మాటలు అతనికి వచ్చిన భాషలో జరగాలి, కేస్‌షీట్ డాక్టరు చదివే భాషలో ఉండాలి. బరంపురంలో ఈ రెండూ ఒకటి కాని రోజులే ఎక్కువ.

ప్రశ్న: మా వైపు కొందరు సరిహద్దు దాటి వెళ్లి కల్లు మాత్రమే తాగుతారు. అయినా నాలుగు రోజులు దొరకకపోతే ఫిట్స్ వస్తున్నాయి. కల్లుకు ఇంత అవుతుందా?
– ఓ ఆశా కార్యకర్త, దెగ్లూర్

జవాబు: మంచి కల్లుకు కష్టం. కల్తీ కల్లులో అల్ప్రాజొలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు కలుపుతున్నట్టు తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడింది. వచ్చేది నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపినప్పటి వణుకూ ఫిట్సూ. అల్ప్రాజొలామ్ అయితే ఒకటి రెండు రోజుల్లో, డయాజిపామ్ అయితే వారం దాకా ఆగి కూడా వస్తాయి. మూడో రోజు బాగున్నాడని పంపేస్తే దారిలో పడిపోతాడు. డాక్టరుకు ‘కల్లు’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. ‘నిద్రమందు కలిపిన కల్లు, రోజుకు ఇన్ని సీసాలు, ఇన్నేళ్లుగా’ అని చెప్పండి. మోతాదు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాల్సి ఉంటుంది.

ప్రశ్న: గడ్చిరోలి జిల్లాలో మద్య నిషేధం ఉంది కదా, ఇక్కడ కౌన్సెలర్‌కు పనేముంటుంది?
– ఓ పాఠకుడు, సిరొంచా

జవాబు: నిషేధం 1993 నుంచి ఉంది. అయినా మహారాష్ట్ర ప్రభుత్వం ‘సర్చ్’ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 2016లో ముక్తిపథ్ అనే మద్యం, పొగాకు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టాల్సి వచ్చిందంటే పని లేకా? ప్రాణహిత, గోదావరి దాటితే దుకాణాలున్నాయి, అడవిలో ఇప్పపువ్వు ఉంది. మీ దగ్గర ఖర్రా (పొగాకు, వక్క కలిపినది) నమలడం పెద్ద సమస్య. నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదని ఎవరైనా అంటే మాటలు తర్వాత, ముందు దంతవైద్యుడికి చూపించండి.

ప్రశ్న: కోడలు వచ్చి, భర్తకు తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర ఇప్పించమంటోంది. ఇవ్వొచ్చా?
– ఓ అంగన్‌వాడీ కార్యకర్త, రాయగడ

జవాబు: ఇవ్వకూడదు. ఆ మాత్ర డైసల్ఫిరామ్. వేసుకున్నవాడు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె ఆగి చనిపోవచ్చు కూడా. చివరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఈ ప్రభావం ఉండొచ్చు. మనిషికి చెప్పి, ఒప్పించి, చివరి గుక్క తర్వాత కనీసం పన్నెండు గంటలు ఆగి, డాక్టరే మొదలుపెట్టాలి. ఆ అమ్మాయిని ఒట్టి చేతులతో పంపకండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయించండి, ఉచితం.

ప్రశ్న: తాగుడు మానేసి మూడేళ్లయింది. పది దాకానే చదివాను. నేనూ కౌన్సెలర్ కావచ్చా?
– ఓ పాఠకుడు, జయపురం

జవాబు: కౌన్సెలర్ పోస్టుకు డిగ్రీ కావాలి. కానీ ఐఆర్‌సీఏల్లో పీర్ ఎడ్యుకేటర్ పోస్టులు మీలాంటివాళ్ల కోసమే. చేరేముందు ఆ కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మనిషిని కొట్టడం, గొలుసుతో కట్టడం మీ కంటబడితే ఒక్క రోజు కూడా ఉండకండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 95వ సెక్షన్ గొలుసులను పూర్తిగా నిషేధించింది, కేసు మీ మీదకూ రావచ్చు. గ్రాంటు ఆలస్యమైనప్పుడు జీతం ఎవరిస్తారో కూడా అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఈలోగా ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు కట్టండి.